ఫోను పిలుపు

రమణి రాస్తున్న యాప్ సగంలో ఆగిపోయింది. అవ్వ నోటి కొండభాష మాటలన్నీ అందులో పెట్టాలనుకుంది. రోజూ పడుకునే వేళకి ఫోను తనే "సుక్రి అవ్వా, ఓ మాట చెప్పు" అని రమణి గొంతుతో పిలిచి, జవాబు రికార్డు చేసుకునేది. ఆ భాష వచ్చిన చివరి మనిషి అవ్వే. ఆమె పోయాక ఇంకెవరి కోసమని, ఫోను పొయ్యి పక్క గూట్లో చార్జరుకే వదిలేసింది.

ఈ రాత్రి కళ్ళంలో ఆరబోసిన కాఫీ గింజల కాపలాకి పోతూ అన్న సోంబరు ఎగతాళి చేశాడు. "ఏటే గుంటా, నీ యాప్ పుట్టకముందే సచ్చిపోనాదా? అవ్వుంటే సీపురట్టుకుని రాయించును!"

రోషంతో ఫోను తీసింది. అవ్వ పోయాక కూడా రికార్డులు పెరిగాయి.

పిలుపు ఆపడం మరిచిపోయింది! సమాధి రాయి నిలబెట్టేదాకా చచ్చినవాళ్ళను పేరు పెట్టి పిలవకూడదని ఆ ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. రాయి ఇంకా నిలబెట్టలేదు.

ఒకటి నొక్కింది. అవ్వ గొంతు. ఎన్నడూ వినని మాట. తర్వాతి రికార్డులో ఆ గొంతు ఇంకాస్త దగ్గరగా ఉంది. ఆ తర్వాతిదాంట్లో మరీ దగ్గరగా.

పిలుపు ఆపేస్తే ఈ మాటలు ఇక ఏ నోటా రావు. ఆపకపోతే?

"సుక్రి అవ్వా, ఓ మాట చెప్పు" అంది ఫోను.

రమణి ఆపలేదు. యాప్‌లో మాటకి అర్థం రాసే గడి తెరిచి కూర్చుంది.

వెనక, అవ్వ చాప మీద ఎవరో గొంతు సవరించుకున్నారు.