వాడని శాలువా

“చీటీ కత్తిరించేశారు కదండీ! ఇంకేముంది, శాలువా వాడేసినట్టే,” అంది ముద్రమ్మ, ధర చీటీని గోటితో అవతలికి నెడుతూ.

విమానాశ్రయంలో పన్ను వాపసు ఇచ్చే కిటికీ దగ్గర ఆమె ఉద్యోగం. బయటి దేశాల వాళ్ళు ఇక్కడ ఏదైనా కొంటే, తిరిగి వెళ్ళేటప్పుడు దాని మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోవచ్చు. కాకపోతే కొన్నవాళ్ళే దాన్ని పట్టుకెళ్ళాలి, ఇక్కడుండగా వాడకూడదు. బిల్లు మీద ఆమె ముద్ర పడితే డబ్బు, లేకపోతే వట్టి చేతులు. తోటి ఉద్యోగులు ఆ పేరు పెట్టింది అందుకే.

వారమంతా భుజాన వేలాడేసుకు తిరిగిన సంచీని పట్టుకొచ్చి, ఇంకా విప్పనేలేదని ఒట్లు పెట్టేవాళ్ళను చూసి చూసి ఆమెకు మనుషుల మీద నమ్మకం పోయింది. ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వదు. సందిస్తే చాలు, కథలల్లేస్తారని ఆమె అనుమానం. అందుకే ప్రశ్నా తనదే, జవాబూ తనదే.

కిటికీ అవతల నిలబడ్డ పెద్దాయన స్వెట్టరు గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు.

“వాడలేదమ్మా. మా ఆవిడ...”

“బిల్లు ఆవిడ పేరు మీదుంది. ఏరీ ఆవిడ?”

“ముందే ఎక్కించేశారమ్మా. పాస్‌పోర్టు కూడా విమానం వాళ్ళే...”

“నడవలేనివాళ్ళని ముందే ఎక్కిస్తార్లెండి. మరి శాలువా?”

“తన దగ్గరే ఉంది.”

“బాగుంది! మనిషీ లేదు, వస్తువూ లేదు. దేన్ని చూసి ముద్ర వెయ్యమంటారు?”

పెద్దాయన కిటికీ అంచు పట్టుకున్నాడు. “అలా అనకు తల్లీ. టికెట్ల దగ్గరే ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుపోయింది. ఈ డబ్బు రాకపోతే, అక్కడ దిగాక మా ఊరికి బండి మాట్లాడుకోలేను.”

“బస్సులుంటాయిగా?”

“బస్సులో ఎక్కించుకోరమ్మా.”

“అంత సామాను ఎవరు కొనమన్నారండీ?”

వరుసలో వెనకెవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన అటు తిరిగి చూడలేదు.

“సామాను కాదమ్మా. ఇద్దరం మొదటిసారి దేశం దాటి వచ్చాం. ఆవిడ ముచ్చటపడి ఈ శాలువా ఒక్కటే కొనుక్కుంది. కప్పుకుని తోడికోడళ్ళ ముందు తిరగాలని ఆశ. ఇక్కడ వాడితే పన్ను తిరిగి రాదని కొట్టువాడు చెప్పాడు. అంతే, మడత విప్పితే ఒట్టు. చలికి పళ్ళు టకటకలాడుతున్నా, దగ్గు పట్టుకున్నా విప్పలేదు. కప్పుకోవే అని నేను మొత్తుకుంటే, ‘ఇంటికెళ్ళాక కప్పుకుంటాలెండి, మీరు ఊరుకోండి’ అనేది.”

ఎందుకో ముద్రమ్మ ఈసారి అడ్డుపడలేదు. తన కిటికీ రూలును ఇంత నిష్ఠగా పాటించిన మనిషి ఈ ఉద్యోగంలో ఆమెకు ఎప్పుడూ తగల్లేదు. ముఖం చూడకుండానే ఆ ఇల్లాలంటే గౌరవం కలిగింది. ముద్ర చేతిలోకి తీసుకుంది కూడా. అంతలో కత్తిరించిన చీటీ మళ్ళీ కంటపడింది.

“మరి ఇదెవరు కత్తిరించారు?”

“నేనేనమ్మా. నిన్న నేనే విప్పి కప్పాను.”

ముద్రమ్మ మనసు చివుక్కుమంది. కాస్త మెత్తబడగానే మోసపోయానని తన మీద తనకే కోపమొచ్చింది.

“చూశారా, ఎలా దొరికిపోయారో! ఆవిడ వాడలేదంటారు, మళ్ళీ మీ చేత్తోనే కప్పానంటారు. ఇంత వయసొచ్చి ఇలా అబద్ధాలాడతారా?”

“అబద్ధం కాదమ్మా.”

“అయితే నాన్చకుండా ఒక్క ముక్కలో తేల్చండి. మీ ఆవిడ ఆ శాలువా వాడిందా, లేదా?”

విమానం తలుపులు మూసేస్తున్నామని మైకులో చెబుతున్నారు. ముద్రమ్మ ముద్ర పైకెత్తి పట్టుకుని, జవాబు కోసం ఆగింది. పెద్దాయన కత్తిరించిన చీటీని మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

“బతికుండగా వాడలేదమ్మా.”