బలహీనమైన వైరస్

"రెండేళ్ల కిందట వార్డులో రోగికి వాడిన సూది నాకు గుచ్చుకుంది డాక్టరుగారూ. చెయ్యి కడుక్కుని పనిలో పడిపోయాను, ఎవరికీ చెప్పలేదు. నా నిర్లక్ష్యం వల్లే మా ఆయనకూ అంటుకుంది," అంది మంచం మీదున్న నర్సు.

దంపతులిద్దరికీ హెచ్‌ఐవీ ఉందని నిన్ననే తేలింది. ఆమె ఎముకల గూడులా ఉంది. పక్కనున్న భర్త గుండ్రాయిలా ఉన్నాడు.

"చూడండి, ఈయనకు తుమ్ము కూడా రాదు. ముందు నాకే వచ్చిందనడానికి ఇంకేం కావాలి?"

"ముందు జబ్బుపడినవాళ్లకే ముందు వచ్చిందనుకోకండమ్మా," అంది డాక్టరు. "కొందరి ఒంట్లో రక్షణ కణాల కాపలా గట్టిగా ఉంటుంది. దాన్ని తప్పించుకోవడానికి వైరస్ రూపం మార్చుకుంటూ తనే నీరసపడిపోతుంది. ఆ కాపలా లేని ఇంకో ఒంట్లోకి వెళితే మళ్లీ బలం పుంజుకోవచ్చు. ఏదైతేనేం, మాత్రలు మొదలుపెడదాం. కోలుకుంటారు."

భర్త లేచి నిలబడ్డాడు.

"అంటే, నా ఒంట్లో బలహీనంగా ఉన్నది తన ఒంట్లో అలాగే ఉండదా?"

"ఉండాలని లేదు."

అతను భార్య వైపు తిరిగాడు. "నాకు ఎనిమిదేళ్ల కిందటే తెలుసు. నాది బలహీనమైన వైరస్ అన్నారు అప్పటి డాక్టర్లు. నీకు అంటినా ఏమీ చెయ్యదులే అనుకున్నాను. మాత్రలు వేసుకోలేదు. నీకూ చెప్పలేదు."



"నిన్న మీ కాళ్లు పట్టుకుని ఏడిస్తే, నన్ను క్షమించానన్నారు కదండీ," అంది భార్య.