నొనాటు తాత కప్పు

బ్రెజిల్‌లోని మనౌస్‌లో ఆ రాత్రి ఒకటే వాన. ఫ్యాక్టరీ పరీక్షగదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. పిల్లల ఆసుపత్రికి పంపాల్సిన ప్లాస్టిక్ ప్లేట్లలో ఆఖరి రకం మిగిలింది. ముందు చూసినవన్నీ మైక్రోవేవ్ తరంగాలను తామే తాగేసి, చెయ్యి పెట్టలేనంతగా కాలాయి.

కాపలా కాసే ఎడిల్సా తలుపులోంచి తొంగిచూసింది. "ఏంటే జందీరా, ఇదీ పోతే పిల్లలు అరిటాకుల్లో తినాలా?"

"నీ నోరు మంచిది కాదే! పో, గేటు చూసుకో."

ప్లేటు మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి బటన్ నొక్కాను. ఓవెన్ ఆగాక చూస్తే, ప్లేటు పక్కన పెట్టాల్సిన నీళ్ళ గ్లాసు బల్ల మీదే ఉంది. నీళ్ళుంటే తరంగాలను అవి పీల్చుకుంటాయి. లేకపోతే మంచి ప్లేటు కూడా మాడిపోవచ్చు. నాకు పని నేర్పిన నొనాటు తాత రోజూ తిట్టేవాడు: "ముందు నీళ్ళు, పిచ్చిదానా!"

ఓవెన్ తలుపు తెరిచాను. ప్లేటు పక్కన అంచు విరిగిన నీలం కప్పు ఉంది. నిండా నీళ్ళు, పొగలు కక్కుతున్నాయి. పోయిన నెల తాత శవపేటికలో నా చేత్తో పెట్టిన, ఆయన రోజూ కాఫీ తాగిన కప్పు అది.

వాన చప్పుడు కూడా ఆగిపోయినట్టనిపించింది. తాత నేర్పినట్టే, మునివేళ్ళతో ప్లేటును తాకాను. చల్లగా ఉంది. పిల్లల చేతులు కాలవు.

"తాతా," అన్నాను, "నీళ్ళు కాగాయి. కాఫీపొడి ఎక్కడుందో మరి?"

నా వెనక అల్మారా తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.