తెడ్డు పట్టిన చెయ్యి

“భుజం పట్టేసింది ఓపల్. ఇవాళ తెడ్డు నువ్వు వెయ్యి,” అన్నాడు డెల్బర్ట్.

“ఇటివ్వు. ఈ ఏడాదైనా ఒక్క చేప నీ మొహం చూస్తుందేమో.” ఏటా మార్చిలో తెడ్డు డెల్బర్టే వేసేవాడు; ఆమె బుట్ట నిండేది, మొగుడి బుట్ట ఖాళీగా ఉండేది.

రీల్‌ఫుట్ చెరువు మీద గాలి ఆగడం లేదు. క్రాపీ చేపలుండే మునిగిన చెట్టు పక్కన పడవను నిలపలేక ఆమె రెక్కలు పడిపోయాయి. కాస్త ఆగితే చాలు, పడవ కొట్టుకుపోతోంది.

డెల్బర్ట్ రెండో చేపను మెల్లగా పైకి తీశాడు. “నువ్వూ గాలం వెయ్యవే.”

“ఏ చేత్తో వెయ్యమంటావ్?” అని విసుక్కుని, ఆ మాట దగ్గరే ఆగిపోయింది ఓపల్.

తెడ్డు వేస్తూనే అడిగింది. “ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“చెబితే నువ్వు గాలం పక్కన పెట్టేసేదానివిగా.”