అదే మనవి

"బుట్ట లోపలికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

రోజలిన్ టీచర్ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

బుల్లమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. పూడిమడక నుంచి తెచ్చిన ఎండుచేపలు పొద్దున్నే అమ్ముడైపోయాయి. బుట్ట ఖాళీ. వాసనే ఖాళీ కాలేదు.

"సరే నెండమ్మా. బైట పెట్టొత్తాను."

అనకాపల్లిలోని ఆ చర్చిలో స్త్రీల సమాజానికి రోజలిన్ ప్రెసిడెంటు. ప్రతి శుక్రవారం సాయంత్రం అయిదింటికి ప్రార్థన కూడిక. ఒక్కొక్కరే లేచి తమ మనవి చెప్పాలి.

సువార్త లేచింది. కూతురికి ట్రైనింగ్ కాలేజీలో సీటు రావాలి.

ఫెబా లేచింది. అత్తగారి మోకాళ్ళ నొప్పి తగ్గాలి.

బుల్లమ్మ లేచింది.

"ఒకమ్మ ఇల్లు నిలబడాల."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఏడేళ్ళుగా ఆమెది అదే మాట.

"ఎవరమ్మ? ఎక్కడిల్లు?" అంది రోజలిన్.

"పేరు సెప్పకూడదమ్మా. సెప్తే ఆమెకి నామోసీ."

"నీ ఇల్లే అయ్యుంటుంది. తాటాకు పాకేగా? గాలివాన వస్తే పడిపోతుందని భయమా?"

ఈసారి అందరూ నవ్వారు. బుల్లమ్మ కూడా కొంచెం నవ్వింది. అది రోజలిన్‌కి ఇంకా చిరాకు తెప్పించింది.

"ఏడేళ్ళ నుంచి ఒకటే పాట! దేవుడికి చెవుడనుకున్నావా?"

"నేదమ్మా."

"మరి? ఇన్నాళ్ళూ జవాబు రాలేదంటే, ఇవ్వనని అర్థం."

"ఇవ్వనని సెప్పనేదు గదమ్మా."

రోజలిన్ మొహం గంటు పెట్టుకుంది. అక్షరం ముక్క రాని చేపలామె తనకి దేవుని వాక్యం నేర్పుతుందా?

రోజలిన్ ఏ మనవినీ ఆరు నెలలకి మించి అడగదు. జవాబు రాకపోతే దేవుని చిత్తం కాదని తేల్చేసి ఊరుకుంటుంది. భర్త స్టాన్లీ తాగుడు సంగతిలోనూ అంతే చేసింది. మొదట్లో ఆయన ఆసుపత్రి పాలైనప్పుడు ఏడ్చి ఏడ్చి అడిగింది. తర్వాత ఆయన మంచం పక్క గదిలోకి మార్పించి, ఆయన పేరు ప్రార్థనలో ఎత్తడం మానేసింది. చర్చిలో ఆ ఊసు ఎవరి దగ్గరా రానివ్వలేదు.

బుల్లమ్మ ఎదురు చెప్పిన ఆ రోజే ఒక రూలు పెట్టింది.

"ఇకమీదట పాత మనవులు పైకి చెప్పకూడదు. అందరి టైమూ వృథా."

తర్వాతి శుక్రవారం నుంచి బుల్లమ్మ లేవలేదు. తన చోటనే కూచుని పెదవులు కదిపేది.

"గొణుగుడు మాత్రం మానదు," అంది రోజలిన్, సువార్తకి వినపడేలా. బుల్లమ్మకీ వినపడింది.

మరుసటి ఏడు, 2007 వానాకాలంలో, స్టాన్లీ మందు మానేశాడు.

ఎందుకు మానేశావంటే ఆయనా చెప్పలేకపోయాడు. "ఏమో, తాగాలనిపించడం లేదు," అన్నాడు.

ఎందుకో రోజలిన్‌కి తెలుసు. అంతా తన కట్టుదిట్టం. ఆరు నెలలు కనిపెట్టి చూసి, ఇక భయం లేదనుకున్నాక చర్చిలో సాక్ష్యం చెప్పింది. ఇంట్లో తాగుబోతు ఉండేవాడని మొదటిసారి నలుగురిలో ఒప్పుకుంది. తన పట్టుదల గురించి పావుగంట మాట్లాడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. బుల్లమ్మ లేచి నిలబడి కొట్టింది. కళ్ళ నీళ్ళు చెంపల మీదికి జారుతున్నా తుడుచుకోలేదు.

"నాకీయాల మనివి నేదమ్మా. దేవుడికి వందనాలే."

"అమ్మయ్య! మాకు విడుదల," అంది రోజలిన్.

మళ్ళీ నవ్వులు.

ఆపై శుక్రవారం బుల్లమ్మ రాలేదు. ఆ పైవారమూ రాలేదు.

"చూశావా? ఏదో పని జరిగింది, దేవుడితో అవసరం తీరిపోయింది. ఇలాంటివాళ్ళ భక్తి ఇంతే," అంది రోజలిన్.

నాలుగో వారం సువార్త కబురు తెచ్చింది. బుల్లమ్మ జ్వరమొచ్చి పోయింది.

సమాజం తరఫున ఎవరో ఒకరు వెళ్ళి పరామర్శించాలి. ప్రెసిడెంటు కాబట్టి రోజలిన్‌కి తప్పలేదు. సువార్తని వెంటబెట్టుకుని బస్సెక్కింది. పూడిమడకలో దిగి, చేపలు ఆరబోసిన ఇసుకలో విసుక్కుంటూ నడిచింది.

బుల్లమ్మ కూతురు గంగాభవాని చాప పరిచింది. నుదుట బొట్టు. గోడ మీద దేవుళ్ళ పటాలు.

"మీ అమ్మకి బాప్తిస్మం ఎక్కడిచ్చారు?" అంది రోజలిన్.

"ఎక్కడా నేదమ్మా. మాయింట్లో ఎవరూ మీ మతం కాదు. అమ్మకి ఏసుపెబువు పేరు కూడా ముందు తెలీదు."

"మరి ఎనిమిదేళ్ళు మా చర్చికెందుకొచ్చింది?"

"మాటిచ్చిందమ్మా. మా నాన్నని అనకాపల్లి ఆసుపత్రిలో ఏసినపుడు, పక్క మంచం కాడ ఒకమ్మ ఏడుత్తా మాయమ్మ సెయ్యట్టుకుందంట. 'మా ఆయన తాగి తాగి సచ్చిపోతన్నాడు, నా ఇల్లు కూలిపోతాది, ఏసయ్యకి నువ్వూ సెప్పవా' అందంట. సెప్తానంది మాయమ్మ. ఎలా సెప్పాలో తెలీక, ఆరా తీసి ఆమె చర్చికే ఎల్లింది."

ఆ రోజు ఆసుపత్రిలో రోజలిన్ ఎందరి చేతులు పట్టుకుందో! ఒక్క మొహమూ గుర్తు లేదు.

"ఆమెతో ఒక్కసారైనా ఈ సంగతి చెప్పలేదా మీ అమ్మ?"

"ఆమె ఆనవాలు పట్టనేదంటమ్మా. 'పోన్లే, గేపకం సేత్తే సిన్నబోతాది' అనీది. మొన్న ఆయన మందు మానేడని తెలిసి, జ్వరంలోనే లేచి ఈదందరికీ పరవన్నం పెట్టింది."

గంగాభవాని కళ్ళు తుడుచుకుంది.

"ఆమె మీ చర్చిలోనే టీచరంట. ఎరుగుదురా అమ్మా?"

సువార్త మెల్లగా తల తిప్పి రోజలిన్ వైపు చూసింది.

తను ఆరు నెలల్లో వదిలేసిన స్టాన్లీని, ఆ చేపలామె ఒక్క శుక్రవారం కూడా వదల్లేదు.