ఎవరూ మాట్లాడని భాష

"ఆ కాగితాలు ఇలా ఇయ్యి. పొయ్యిలో పడేస్తాను," అన్నాడు రామ్ చంద్ర.

మంజు కట్టను వీపు వెనక దాచుకుంది. ఫిజీ రాజధాని సువాలో కాలేజీకి సెలవులిస్తే సొంతూరు డ్రెకేటి వచ్చి రెండు రోజులైంది. వడ్ల బస్తాల మీద కూర్చుని గొణుక్కుంటుంటే పరీక్ష పాఠం కాబోలనుకున్నాడు తండ్రి. అది సిందరిన్ అనీ, ఎవరో దొర తన కథల కోసం కల్పించిన భాష అనీ ఇప్పుడే తెలిసింది.

"ఏ దేశంలో మాట్లాడతారే అది?"

"ఏ దేశంలోనూ కాదు, నాయనా."

"విన్నావామ్మా? ఇంగ్లీషువాళ్ళు పోయి ఎనిమిదేళ్ళైంది. నీ మనవరాలు ఇంకా వాళ్ళ కల్పనలు మోస్తోంది. నీ తెలుగు మాత్రం ఒక్క ముక్క పట్టలేదు. నువ్వే తీర్పు చెప్పు."

చాప మీద కూర్చున్న అమ్మణి తలెత్తింది. ఇంట్లో అందరిదీ ఫిజీ హిందీయే. తెలుగు ఆమె ఒక్కదానిదే. తెలుగు తెలిసిన పూజారి అప్పన్న పోయిన దగ్గర్నుంచి గుడిలో దేవుడికి విన్నపం చెప్పాలన్నా, పిల్లకి పేరు పెట్టాలన్నా, చిన్నప్పుడు ఇండియా నుంచి కూలీల ఓడలో వచ్చిన ఆమే లేచి నిలబడేది. ఆమె గొంతు ఎత్తితే, బయట యంగోనా వేరు పానీయం తాగుతున్న మగవాళ్ళు కూడా గిన్నెలు కింద పెట్టి చేతులు జోడించేవాళ్ళు. అర్థం ఒక్కరికీ తెలియదు.

"ఏదీ, ఒకటి చెప్పు," అంది అమ్మణి.

"కొండ 'ఒరోద్', ఆజీ," అంది మంజు నాయనమ్మతో. "చాలా కొండలైతే చివర ఏమీ తగిలించరు. లోపలి అచ్చులే మారి 'ఎరిద్' అవుతుంది."

"అరే, లోపలే మారుతుందా! ఇంకా?"

"'ఎయర్' సముద్రం. 'కలద్' వెలుగు. రెండూ కలిపితే 'ఎయర్‌గలద్'. క మెత్తబడి గ అయింది."

"తెలుగులో అన్నా తమ్ముడూ కలిసి అన్నదమ్ములు అవలేదూ, అట్లా."

ఇక్కడా త మెత్తబడి ద అయిందని మంజుకి తట్టింది. ఎక్కడి దొర, ఎక్కడి ఆజీ!

అమ్మణి ముందుకు జరిగింది. "లేని మాట కావాల్సొస్తే?"

"ఉన్నవాటితోనే కడతారు."

"తప్పని ఎవరైనా అంటే?"

"పద్ధతి తప్పకపోతే తప్పు కాదు."

"ఇదంతా ఒక్క మనిషే చేశాడా?"

"ఒక్కడే, ఆజీ. బతుకంతా అదే పని."

ముసలామె ఆ కాగితాలు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. చదువు రాదు, అయినా అక్షరాలు తడిమి చూసింది.

"వీటి జోలికి పోకు రామ్. రేపట్నుంచి ఈ పిల్ల నాతో గుడికి వస్తుంది. నా తెలుగు దీనికిస్తాను."

రామ్ చంద్ర మొహం వెలిగిపోయింది. "అంతకన్నా ఏం కావాలమ్మా!"

"సరే, పోయి ఎద్దులకి నీళ్ళు పెట్టు."

అతను గడప దాటేదాకా ఆగి, అమ్మణి మంజు చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది.

"మా అమ్మ ఓడలోనే పోయింది. నాకప్పుడు నాలుగేళ్ళు. పెంచినవాళ్ళు హిందీవాళ్ళు. అప్పన్న పోయిన రోజు గుడిలో అందరూ నా మొహమే చూశారు. ఓడ దిగినదానికి తెలుగు రాకుండా ఉంటుందా అని. నాకు అమ్మ దగ్గర మిగిలినవి నలభై మాటలు."

"మరి గుడిలో గంటసేపు చెప్పేదంతా, ఆజీ?"

"మిగతాది నేనే కట్టాను."