ఇరవై లీటర్ల లెక్క

డ్రమ్ములో ఇరవై లీటర్ల గీత దాకా నీళ్లు నింపి, ఫార్మలిన్ డబ్బా కోసం చెయ్యి చాపాడు అటెండరు.

"ఆగు నాయనా," అన్నాడు షావుకారు.

ఆ మెడికల్ కాలేజీకి పాతికేళ్లుగా రసాయనాలు వేసే మనిషి. సరుకు దింపించి, సంతకం తీసుకుని, వెనక్కి చూడకుండా పోయే రకం. ఇవాళ ఒక్క డబ్బా తానే మోసుకొచ్చి, దేహాలు భద్రపరిచే ఈ గదిలో అరగంటగా పాతుకుపోయాడు.

అటెండరుకి ఒళ్లు మండుతోంది. తను డ్యూటీకి వచ్చేసరికే బల్ల మీద కొత్త దేహం ఉంది. ఎవరో దానం ఇచ్చారట, కాగితాలు ఆఫీసువాళ్లు చూసుకున్నారు. ఆలస్యమై పాడైతే మాటపడేది మాత్రం తనే.

"ఎంత శాతం కలుపుతున్నావ్?"

"పది. మీ డబ్బాలోది నలభై. అంటే నాలుగో వంతు, ఐదు లీటర్లు. ఆమాత్రం తెలీదాండీ?"

"ఐదు సరే. ఇరవై నీళ్లలో ఐదు పోస్తే పాతికవుతుంది. ఎనిమిది శాతమే తేలుతుంది. నీళ్లు పదిహేనే ఉండాలి."

అటెండరు వేళ్లు మడిచి లెక్కేశాడు. నాలుక కరుచుకున్నాడు.

"నిరుడు రెండు దేహాలు పాడైతే, మీరే సరుకులో నీళ్లు కలిపారని తిట్టుకున్నానండీ!"

"నా చెవినా పడింది. అందుకే వచ్చాను."

ఐదు లీటర్లు తోడేశాక షావుకారు డ్రమ్ములో వేలు ముంచాడు.

"మరీ చల్లగా ఉన్నాయే."

"స్నానానికా ఏంటి!"

షావుకారు నవ్వలేదు. డబ్బా సీలు తనే విప్పాడు. లీటరు జాడీతో ఐదుసార్లు కొలిచి, చుక్క అటూ ఇటూ కాకుండా పోశాడు. ఘాటుకి కళ్లు ధారకట్టాయి. తుడుచుకోలేదు.

"ఏడో తరగతితో ఆపేశానంటారు, ఈ లెక్కలెలా వచ్చాయండీ?"

"మా ఆవిడ ఇంట్లో పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేది. పక్కగదిలో కూర్చుని వినీ వినీ వచ్చేసింది. లెక్క తప్పితే ఎవర్నీ వదిలేది కాదు."

"అయితే ఇకమీదట మీరు ఇంట్లో కూర్చుని, ఆవిణ్ణే పంపండి. నాకూ నాలుగు ముక్కలు వంటబడతాయి."

"పొద్దున్నే పంపాను నాయనా," అన్నాడు షావుకారు, బల్ల మీది తెల్లదుప్పటి అంచు సరిచేస్తూ.